హిల్స్ మేఘం ఎక్కడ మొదలైతది, ఎక్కడ ఆగుతది? స్కూల్ మోడల్ కోసం లెక్కలు కావాలె

నల్లగొండ_ఫిజిక్స్:

అందరికి నమస్తే. జిల్లా సైన్స్ ఫెయిర్ కోసం తొమ్మిదో తరగతి పిల్లలతోని సౌరకుటుంబం బయటి అంచుల మోడల్ చేయిస్తున్నం. కైపర్ బెల్ట్ (నెప్ట్యూన్ అవతలి మంచు వస్తువుల పట్టీ) దాక లెక్కలు కుదిరినయి. దాని అవతల, తోకచుక్కలు వచ్చే మంచు ముక్కల గుంపు ఊర్ట్ మేఘం కాడికి వచ్చేసరికి ఒక్కో చోట ఒక్కో లెక్క ఉంది. ఒకదాంట్ల 2,000 ఏయూ (ఒక ఏయూ అంటే సూర్యుడికి భూమికి నడుమ దూరం) నుంచి లక్ష దాక అని, ఇంకోదాంట్ల 20,000 నుంచి 50,000 అని. లోపలి భాగానికి హిల్స్ మేఘం అని వేరే పేరు కూడ చెప్తున్నరు.

అడిగేవి మూడు. ఒకటి, చార్టు మీద ఏ అంకెలు రాయాలె? రెండు, హిల్స్ మేఘాన్ని ఎవరూ చూడలేదు, దాంట్ల ఉన్నదని ఖాయంగ చెప్పే వస్తువు ఒక్కటి కూడ దొరకలేదు అంటరు. మరి బయటి మేఘం కన్నా లోపలనే ఎక్కువ సరుకుందని ఎట్ల చెప్తున్నరు? జడ్జి అడిగేది ఇదే, పిల్లలకు జవాబు రావాలె. మూడు, స్కేలు ఏది పెట్టాలె? ఆరడుగుల టేబుల్, దాని వెనక గోడ, పక్కన పొడుగు వరండా ఉంది. థర్మకోల్ ఉండలు, దూది, నైలాన్ తాడు తెచ్చి పెట్టినం.

పాలమూరు_ఆకాశం:

మొదటిదానికి సూటి జవాబు. రెండు పుస్తకాలూ తప్పు రాయలే సార్. ఒకటి మొత్తం ఊర్ట్ మేఘానికి చెప్తుంది, ఇంకోటి బయటి భాగానికే చెప్తుంది. చార్టు మీద ఇట్ల రాయించండి: నెప్ట్యూన్ 30 ఏయూ. కైపర్ బెల్ట్ 30 నుంచి 50. హిల్స్ మేఘం సుమారు 2,000 నుంచి 20,000. బయటి ఊర్ట్ మేఘం 20,000 నుంచి 50,000 పైచిలుకు, కొందరి లెక్కల లక్ష దాక. ప్రతి అంకె ముందు "సుమారు" ఉండాలె. హిల్స్ మేఘం లోపలి అంచును కొందరు 2,000 అంటరు, కొందరు 3,000 అంటరు, 5,000 అన్నోళ్లు కూడ ఉన్నరు. అక్కడ గీత గీసినట్టు అంచేం లేదు, మెల్లగ పలచబడుతది అంతే.

ఒక ఏయూ అంటే 14.96 కోట్ల కిలోమీటర్లు. పిల్లలతోని ఇది కిలోమీటర్లల్ల రాయించకండి, సున్నాలు లెక్కపెట్టుడుతోనే సరిపోతది. వెలుతురు లెక్క చెప్పించండి. సూర్యుడి వెలుతురు మనకు 8 నిమిషాల 19 సెకన్లకు వస్తది. 2,000 ఏయూ చేరటానికి పదకొండున్నర రోజులు. 20,000 ఏయూకు దాదాపు నాలుగు నెలలు. ఒక కాంతి సంవత్సరం 63,241 ఏయూ, కాబట్టి లక్ష ఏయూ అంటే ఏడాదిన్నర దాటుతది. పక్క నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంల ఉంది. అంటే మేఘం అంచు ఆ దారిల మూడో వంతు దాటి పోతది.

జడ్జి నాసా నౌక వాయేజర్ గురించి తప్పకుండ అడుగుతడు. వాయేజర్ 1 ఇప్పుడు సుమారు 170 ఏయూ దూరంల ఉంది, ఏడాదికి 3.6 ఏయూ లెక్కన పోతుంది. 2,000 చేరటానికి ఇంకో 500 ఏళ్లు. 20,000 దాటటానికి ఐదున్నర వేల ఏళ్లు. "వాయేజర్ సౌరకుటుంబం దాటింది" అని పేపర్ల వచ్చింది 2012ల సూర్యపవనం హద్దు దాటిన సంగతి. సూర్యుడి ఆకర్షణ హద్దుకు అది ఇంకా చానా ఇవతలనే ఉంది.

దేవరకొండ_గణితం:

రెండో ప్రశ్న దగ్గరే విషయమంతా ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. 20,000 ఏయూ అనేది మేఘానికి అంచు కాదు, మన చూపుకు అంచు. పిల్లలు ఇది పట్టుకుంటే మిగతా ప్రశ్నలకు జవాబులు వాళ్లే చెప్పగలరు.

ఇలాంటి గుంపు ఉండవచ్చని 1932లోనే ఎస్టోనియాకు చెందిన ఎర్నెస్ట్ ఓపిక్ అన్నాడు. 1950లో డచ్ శాస్త్రవేత్త యాన్ ఊర్ట్ దాన్ని లెక్కలోకి దించాడు. బాగా కొలిచిన 19 తోకచుక్కల కక్ష్యలు తీసుకుని, ఒక్కోదానికి అర్ధ దీర్ఘాక్షం (కక్ష్య పొడవులో సగం) విలోమాన్ని చూశాడు. విలోమమే ఎందుకంటే కక్ష్య శక్తి దానికే అనుపాతంలో ఉంటుంది. దాన్ని పది లక్షలతో గుణించి రాసుకుంటే చదవడం తేలిక: అర్ధ దీర్ఘాక్షం 10,000 ఏయూ అయితే 100 వస్తుంది, 20,000 అయితే 50 వస్తుంది. ఊర్ట్ చూసిన తోకచుక్కల్లో చాలావరకు ఈ 0 నుంచి 100 లోపలి ఇరుకు సందులోనే గుమిగూడి ఉన్నాయి.

ఇప్పుడు గురుడి సంగతి. ఒక తోకచుక్క గ్రహాల మధ్యకు ఒక్కసారి వచ్చి పోతే, ప్రధానంగా గురుడి వల్ల, ఈ అంకె కొన్ని వందలు అటో ఇటో మారుతుంది. నియోవైస్ తోకచుక్కనే తీసుకోండి, 2020 జులైలో కంటికి కనిపించింది. వచ్చేటప్పుడు దాని కక్ష్యకాలం దాదాపు 4,500 ఏళ్లు, పోయేటప్పుడు 6,800 ఏళ్ల దగ్గర. మన అంకెలో చెప్తే దాదాపు 3,700 నుంచి 2,800కు దిగింది, ఒక్క రాకపోకలో 900 తేడా. అలాంటప్పుడు 100 వెడల్పు కూడా లేని సందులో ఇన్ని తోకచుక్కలు ఉన్నాయంటే, అవి ఇదివరకు గురుడి దగ్గరకు రానివి అయి ఉండాలి. వచ్చి ఉంటే ఆ సందులో మిగిలేవి కావు, పూర్తిగా బయటికి విసిరేయబడేవి, లేదా చిన్న కక్ష్యలోకి దిగేవి. ఊర్ట్ వాదన ఇంతే. అవి మొదటిసారి వస్తున్నాయి, వస్తున్న చోటు 20,000 ఏయూ ఆపైన.

మరి 5,000 ఏయూ దగ్గరి నుంచి ఎందుకు రావు? అక్కడ లేకనా? ఇక్కడ చిన్న లెక్క చేయించండి, తొమ్మిదో తరగతికి కష్టమేమీ కాదు.

అర్ధ దీర్ఘాక్షం 20,000 ఏయూ ఉన్న సాగదీసిన కక్ష్యలో వస్తువు దూరపు కొసన దాదాపు 40,000 ఏయూలో ఉంటుంది. సూర్యుడికి దగ్గరి బిందువు 15 ఏయూ అయ్యేలా తిరుగుతుంటే, దూరపు కొసన దాని వేగం సెకనుకు 4.1 మీటర్లు. ఆ దగ్గరి బిందువు 5 ఏయూకు, అంటే గురుడి కక్ష్య లోపలికి రావాలంటే ఆ వేగం 2.35కు తగ్గాలి. తేడా సెకనుకు రెండు మీటర్లు కూడా లేదు. ఇంత మార్పు తేవడానికి దొరికే సమయం ఒక చుట్టు, అంటే 28 లక్షల ఏళ్లు. పాలపుంత ఆకర్షణలో అటూ ఇటూ ఉండే తేడా, అప్పుడప్పుడు పక్కనుంచి పోయే నక్షత్రాలు కలిసి ఈ పని చేయగలవు.

అదే 5,000 ఏయూ అర్ధ దీర్ఘాక్షంతో చేయండి. దగ్గరి బిందువు 15 ఏయూ అయితే దూరపు కొసన వేగం 16.3 మీటర్లు. 5 ఏయూకు దింపాలంటే 9.4 కావాలి. తేడా ఏడు మీటర్లు, అంటే ముందుదానికి నాలుగు రెట్లు. ఒక చుట్టుకు పట్టే సమయం మూడున్నర లక్షల ఏళ్లే, అంటే ఎనిమిదో వంతు. పైగా పాలపుంత లాగుడు సూర్యుడి నుంచి ఉన్న దూరానికి అనుపాతం కాబట్టి అది కూడా నాలుగో వంతే. నాలుగు, ఎనిమిది, నాలుగు గుణిస్తే 128. దూరం నాలుగో వంతుకు తగ్గితే పని 128 రెట్లు కష్టం.

అయితే ఒక్క చుట్టులోనే ఎందుకు కావాలి, వంద చుట్లలో మెల్లగా దిగవచ్చు కదా? దిగదు. మెల్లగా దిగేది ముందు శని, గురుడు ఉన్న దూరాల గుండా దిగాలి. ఒక్కో చుట్టుకు ఒకసారి ఆ గ్రహాల మధ్యకు వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఆ వందల అంకె తన్ను తగులుతుంది. రెండు మూడు రాకపోకల్లోనే దాన్ని బయటికి విసిరేస్తాయి. మన దగ్గరికి, తోక కనపడేంత దగ్గరికి చేరకముందే అయిపోతుంది. ఈ అడ్డాన్ని దాటాలంటే 15 ఏయూ అవతల నుంచి 5 ఏయూ ఇవతలికి ఒక్క గంతులో దూకాలి. అలా దూకగలిగేవి 20,000 ఏయూ ఆపైన ఉన్నవే.

1981లో జాక్ హిల్స్ చెప్పింది ఇదే: ఊర్ట్ మేఘానికి లోపలి అంచులా కనిపిస్తున్నది పరిశీలనలో వచ్చిన ప్రభావం, దాని లోపల ఎంత సరుకున్నా మామూలు రోజుల్లో మన కంటికి తగలదు. ఎప్పుడో ఒక నక్షత్రం కొన్ని వేల ఏయూ దగ్గరికి వస్తే తప్ప. అప్పుడు మాత్రం వరసపెట్టి తోకచుక్కలు కురుస్తాయి.

నల్లగొండ_ఫిజిక్స్:

దేవరకొండ సార్, 128 లెక్క బోర్డు మీద చేయించిన, పట్టుకున్నరు. కానీ ఒక పాప అడిగింది: కనపడకపోవటానికి కారణం చెప్పిన్రు, ఉన్నదనటానికి కారణం ఏది? జడ్జి కూడ అదే పట్టుకుంటే? ఇంకోటి, నెప్ట్యూన్ అవతల తిరిగే సెడ్నా అనే మంచు గోళం హిల్స్ మేఘంల ఉన్నదని కొన్ని చోట్ల ఉంది. అది రాయొచ్చునా?

దేవరకొండ_గణితం:

ఆ పాపకు ఫెయిర్‌లో మైకు ఇవ్వండి.

ఉన్నదనడానికి ప్రధానమైన ఆధారం పుట్టుక లెక్కల నుంచి వస్తుంది. ఈ మంచు వస్తువులు అక్కడ పుట్టినవి కావు, అంత దూరాన పదార్థం ముద్దకట్టేంత దట్టంగా ఉండదు. గ్రహాల మధ్యనే పుట్టి గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ చేత బయటికి విసిరేయబడ్డాయి. కక్ష్య సాగుతూ పోయి ఎక్కడైతే పాలపుంత లాగుడు దగ్గరి బిందువును గ్రహాలకు అందనంత పైకి ఎత్తుతుందో అక్కడ ఆగిపోయాయి. 1987లో డంకన్, క్విన్, ట్రెమైన్ ఈ పని కంప్యూటర్‌లో చేసి చూస్తే, వస్తువులు 3,000 ఏయూ దగ్గర నుంచే నిలబడుతున్నాయని, లోపలి భాగంలో బయటికంటే సుమారు ఐదు రెట్లు ఉంటాయని తేలింది. తర్వాతి కొన్ని లెక్కల్లో రెండూ దాదాపు సమానమే అని కూడా వచ్చింది. కాబట్టి చార్టు మీద "ఐదు రెట్లు" అని ఖాయంగా రాయించకండి. "సమానం నుంచి కొన్ని రెట్లు, మోడల్‌ను బట్టి" అని రాయించండి.

ఇంకో ఆధారం నష్టం లెక్క. బయటి మేఘం సూర్యుడికి వదులుగా కట్టుబడి ఉంది. 450 కోట్ల ఏళ్లుగా పక్కనుంచి పోయే నక్షత్రాలు, పెద్ద వాయు మేఘాలు దాన్ని కాస్త కాస్త ఊడ్చేస్తున్నాయి. లోపల గట్టిగా కట్టుబడిన నిల్వ ఒకటి ఉంటే అది బయటికి సరఫరా చేస్తూ ఉంటుంది.

2009లో కైబ్, క్విన్ ఇంకో మలుపు చూపించారు. లోపలి వస్తువు దగ్గరి బిందువు మెల్లగా దిగుతూ యురేనస్, నెప్ట్యూన్ పరిధికి వస్తుంది. అక్కడ తగిలే తన్నుతో కక్ష్య 20,000 ఏయూ దాటి సాగుతుంది. తర్వాతి చుట్టులో ఆ ఒక్క గంతు దానికి సాధ్యమవుతుంది. మనకు కనిపించేసరికి అది అచ్చం బయటి మేఘం నుంచి వచ్చినదానిలా ఉంటుంది. అంటే మనం చూసిన తోకచుక్కల్లోనే కొన్ని హిల్స్ మేఘానివి అయి ఉండొచ్చు, మొహం చూసి చెప్పలేం అంతే.

సాగర్_లెన్స్:

సెడ్నా గురించి నేను చెప్త. 2003 నవంబర్‌ల మైక్ బ్రౌన్, ట్రుహియో, రబినోవిట్జ్ కనుగొన్నరు. దగ్గరి బిందువు 76 ఏయూ, దూరపు కొస 900 పైన, ఒక చుట్టుకు దాదాపు 11,400 ఏళ్లు. 2076 ప్రాంతంల సూర్యుడికి దగ్గరి బిందువుకు వస్తది. 76 ఏయూ అంటే నెప్ట్యూన్ చెయ్యి తగలదు. వెయ్యి ఏయూ లోపలనే తిరుగుతది కాబట్టి ఇప్పటి పాలపుంత లాగుడు కూడ దాన్ని అక్కడికి ఎత్తలేదు. అందుకే, సూర్యుడు ఇంకా తన పుట్టిన నక్షత్రాల గుంపులనే ఉన్నప్పుడు దగ్గర్నుంచి పోయిన తోటి నక్షత్రం ఎత్తి పెట్టిందేమో అని ఒక బలమైన వాదం. 2012 వీపీ113ది కూడ అదే పద్ధతి, దగ్గరి బిందువు 80 ఏయూ.

కొందరు వీటిని "లోపలి ఊర్ట్ మేఘం వస్తువులు" అంటరు, కొందరు "విడివడిన వస్తువులు" అని వేరే పెట్టెల పెడతరు. దూరపు కొస 2,000 కూడ దాటదు కాబట్టి మీ చార్టుల హిల్స్ మేఘం పట్టీ లోపల సెడ్నాను అంటించవద్దు. కైపర్ బెల్ట్‌కు, ఆ పట్టీకి నడుమ సన్న గీత గీసి "సెడ్నా 76 నుంచి 900 పైన" అని రాస్తే ఏ జడ్జీ తప్పుపట్టడు.

ఇక "టెలిస్కోప్‌తో నేరుగ ఎందుకు చూడరు" అనేది ఇంకో ప్రశ్న వస్తది. సూర్యుడి వెలుతురు పోయేటప్పుడు దూరం వర్గంతోని తగ్గుతది, తిరిగి వచ్చేటప్పుడు మళ్ల వర్గంతోని తగ్గుతది, మొత్తం నాలుగో ఘాతం. 2,377 కిలోమీటర్ల ప్లూటోనే 14వ తరగతి కాంతితోని కనపడుతది (తరగతి అంకె పెరిగిన కొద్ది వెలుతురు తగ్గుతది). దాన్ని తీస్కపోయి 3,000 ఏయూల పెడితే 34వ తరగతి దగ్గరికి పడిపోతది. చిలీల రూబిన్ అబ్జర్వేటరీ అద్దం 8.4 మీటర్లు, ఒక్క ఫొటోల అది అందుకునేది 24వ తరగతి పైచిలుకు దాక. ఆ రెంటికి నడుమ తేడా దాదాపు పదివేల రెట్లు. ఇంక అక్కడ ఉన్నయనుకునేవి ప్లూటోలు కావు, ఎక్కువ శాతం కొన్ని కిలోమీటర్ల ముక్కలు.

పెద్ద గ్రహమే దాక్కుని ఉంటే? వైస్ ఉపగ్రహం ఇన్‌ఫ్రారెడ్‌తోని వెతికింది. 2014ల వచ్చిన ఫలితం ప్రకారం శనంత గ్రహం 10,000 ఏయూ దాక లేదు, గురుడంతది 26,000 ఏయూ దాక లేదు. అంతకన్నా చిన్నవాటికి ఆ వెతుకులాట వర్తించదు.

పాలమూరు_ఆకాశం:

లెక్కలు పిల్లలే సొంతంగ తీసుకుంటే మార్కులు వేరే ఉంటయి. కక్ష్యల లెక్కలు ఇచ్చే నాసా జేపీఎల్ హొరైజన్స్ వెబ్ పేజీల ఫ్రీగ దొరుకుతది, లాగిన్ అక్కర్లేదు. మొదటి పెట్టెల "ఆస్క్యులేటింగ్ ఆర్బిటల్ ఎలిమెంట్స్" ఎంచుకోండి. టార్గెట్‌ల సీ/2023 ఏ3, అదే 2024 అక్టోబర్‌ల పడమట కనపడ్డ సుచిన్‌షాన్-అట్లాస్. సెంటర్ దగ్గర ఆగండి, అందరు తప్పు చేసేది ఈడనే. డీఫాల్ట్ వదిలేయకుండ @0 అని కొట్టండి, అది సౌరకుటుంబం మొత్తం బరువు కేంద్రం. టైమ్ 1900 జనవరి 1 నుంచి 2024 దాక, స్టెప్ 10 ఏళ్లు. వచ్చిన పట్టికల ఈసీ అంటే ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగిందో చెప్పే అంకె, ఒకటి దాటితే మళ్ల తిరిగిరాని దారి), క్యూఆర్ దగ్గరి బిందువు, ఏ అంటే అర్ధ దీర్ఘాక్షం, పీఆర్ కక్ష్యకాలం.

అదే టైమ్ 2024 సెప్టెంబర్‌కు మార్చి, సూర్యుణ్ని కేంద్రంగ పెట్టి చూస్తే ఉత్కేంద్రత ఒకటి దాటి కనపడుతది, ఏ ముందల మైనస్ వస్తది, పీఆర్ గడిల వరస తొమ్మిదులు. పిల్లలు "వేరే నక్షత్రం నుంచి వచ్చింది" అని రాసేస్తరు. కాదు. ఈ తోకచుక్కకు దగ్గరి బిందువు 0.39 ఏయూ. అర్ధ దీర్ఘాక్షం 20,000 అయితే ఉత్కేంద్రత 0.99998 రావాలె. తేడా ఐదో దశాంశంల ఉంది. గురుడు సూర్యుణ్నే సెకనుకు 12 మీటర్ల చొప్పున ఊపుతడు కాబట్టి, ఊగే సూర్యుడి మీద నిలబడి కొలిస్తే ఆ తేడా మునిగిపోతది. 1900ల ఈ తోకచుక్క 140 ఏయూ దూరంల ఉంది, గ్రహాలన్నీ దానికి ఒక్క బరువు లెక్కనే. అప్పటి వరుస, @0 కేంద్రంతోని, అదే అసలు అంకె. దాన్ని తలకిందులు చేసి పది లక్షలతోని గుణిస్తే ఊర్ట్ గీసిన గ్రాఫుల ఎక్కడ పడుతదో తెలుస్తది.

రెండు జాగ్రత్తలు. సూర్యుడికి చానా దగ్గరగ పోయే తోకచుక్కల్ల గ్యాస్ చిమ్ముడు రాకెట్ లెక్క తోస్తది, దానితోని అసలు అర్ధ దీర్ఘాక్షం లెక్క చెదురుతది. సీ/2023 ఏ3 ఒక్కదానితోని పెద్ద మాటలు చెప్పనీయకండి. పక్కన ఇంకోటి పెట్టండి: సీ/2014 యూఎన్271, బెర్నార్డినెల్లి-బెర్న్‌స్టీన్. దాని కేంద్రకం 120 కిలోమీటర్ల పైన, 2031 జనవరిల దగ్గరి బిందువుకు వస్తది, అది కూడ 10.9 ఏయూ దగ్గరే. సూర్యుడికి దూరంగనే ఉంటది కాబట్టి గ్యాస్ బాధ తక్కువ. రెండో జాగ్రత్త: ప్రింట్ తీసిన తారీకు కాగితం మీద రాయించండి. కొత్త కొలతలు వచ్చినప్పుడల్ల చివరి అంకెలు మారుతయి, జడ్జి ఫోన్‌ల చూసి వేరే ఉందంటే పిల్లలు బెదురుతరు.

మిర్యాల_వర్క్‌షాప్:

స్కేలు సంగతి నాకు వదిలేయండి. ఒకే స్కేలుతోని అన్నీ టేబుల్ మీద పట్టయి. లక్ష ఏయూను ఆరడుగులల్ల పెడితే నెప్ట్యూన్ సూర్యుడి నుంచి అర మిల్లీమీటర్ దూరంల ఉంటది, జిగురు చుక్క కింద మొత్తం గ్రహాలు పోతయి. రెండు మోడళ్లు చేయండి.

మొదటిది ఊరి పటం మీద. ఒక ఏయూకు ఒక మీటర్. సూర్యుడు 9.3 మిల్లీమీటర్లు, పెద్ద శనగ గింజంత. దాన్ని నల్లగొండ క్లాక్ టవర్ కాడ పెట్టినమనుకోండి. భూమి ఒక మీటర్ అవతల, కంటికి ఆనని చుక్క. నెప్ట్యూన్ 30 మీటర్లు. కైపర్ బెల్ట్ 50 మీటర్లకు అయిపోయింది, ఇంకా సెంటర్ దాటలే. వాయేజర్ 170 మీటర్లు. హిల్స్ మేఘం 2 కిలోమీటర్ల కాడ మొదలు, అంటే పానగల్లు గుడి దాక పోకముందే. 20 కిలోమీటర్లకు ముగుస్తది: నార్కట్‌పల్లి, నకిరేకల్ ఆ గీత చుట్టుపక్కల పడతయి. 50,000 ఏయూ అంటే నాగార్జునసాగర్, దేవరకొండ కాస్త అవతలగ. లక్ష ఏయూ అంటే హైదరాబాద్ దాటినంక. ప్రాక్సిమా సెంటారీ 268 కిలోమీటర్లు, అది తూర్పున రాజమండ్రిల పడుతది. ఇవన్ని పటం మీద స్కేలు పెట్టి గీసిన సూటి దూరాలు. రోడ్డు కిలోమీటర్లు వేయొద్దు, హైదరాబాద్‌కు రోడ్డు లెక్క వేరే వస్తది. జిల్లా పటం ప్లెక్సీ మీద ప్రింట్ తీయించి కంపాస్ తోని వృత్తాలు గీయండి, పటం కింద ఉన్న స్కేలు గీతతోని సరిచూసుకోండి. ప్రింట్ షాపుల సాగదీసి ఇస్తే వృత్తం అండాకారం అయితది, చెప్పి మరీ తీయించాలె.

రెండోది తాడు. వరండాల ఆరు మీటర్ల నైలాన్ తాడు కట్టండి, మీటర్‌కు పది రెట్లు, అంటే కుడికి ఒక్కో మీటర్ జరిగితే అసలు దూరం పది రెట్లు పెరుగుతది. భూమిని ఎడమ చివరి నుంచి 45 సెంటీమీటర్ల కాడ సున్నా గుర్తు పెట్టి మొదలుపెట్టండి. బుధుడు సున్నాకు ఎడమకు 41, శుక్రుడు ఎడమకు 14, మిగతావన్నీ కుడికి: కుజుడు 18, గురుడు 72, శని 98, యురేనస్ 128, నెప్ట్యూన్ 148, కైపర్ అంచు 170, సెడ్నా దగ్గరి బిందువు 188, వాయేజర్ 223, హిల్స్ మేఘం 330 నుంచి 430, 50,000 ఏయూ 470, లక్ష 500, ప్రాక్సిమా 543. నైలాన్ తాడు బిగిస్తే సాగుతది, కాబట్టి ముందు బిగించి కట్టి, తర్వాత టేపు పెట్టి గుర్తులు వేయండి. కింద పరిచి గుర్తులు పెట్టి కడితే చివరికొచ్చేసరికి అన్నీ జరిగి ఉంటయి.

ఈ తాడు మీద సూర్యుణ్ని పెట్టొద్దు. పది రెట్ల స్కేలుల సున్నా దూరం ఉండదు, ఎంత ఎడమకు పోయినా రాదు. పిల్లలు అలవాటు కొద్ది ఎడమ కొసన పచ్చ బంతి కడతరు, తెలిసిన జడ్జి మొదట పట్టేది దాన్నే.

దూది మాత్రం వాడకండి. దట్టంగ పొగ లెక్క కనపడి తప్పు అర్థం ఇస్తది. కిలోమీటర్ కన్నా పెద్దయి లక్ష కోట్లు ఉన్నయి అన్నా, 50,000 ఏయూ గోళంల పంచితే ఒక్కోదానికి నడుమ 8 ఏయూ వస్తది, అంటే 120 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి నుంచి శనికి ఉన్నదానికి కాస్త తక్కువ. నల్ల అట్ట మీద సూదితో అక్కడక్కడ పొడిచి వెనక లైటు పెట్టండి.

నల్లగొండ_ఫిజిక్స్:

అందరికి ధన్యవాదాలు. నల్ల అట్ట మంచి ఉపాయం. సూదిపోట్లు లోపల బయట ఒక్క తీరుగ పొడవాల్నా? ఇంకోటి, లోపలి మేఘం గుండ్రంగనా, పళ్లెం లెక్కనా?

దేవరకొండ_గణితం:

లోపలికి దట్టంగా, బయటికి పలచగా. ఆకారం చూస్తే బయటిది గోళం, లోపలికి వచ్చేకొద్దీ గ్రహాల తలానికి దగ్గరగా నొక్కుకున్న మందపాటి వలయం. బయటివాటిని పాలపుంత, నక్షత్రాలు అన్ని వైపులా తిప్పేశాయి, లోపలివాటిని తిప్పేంత లాగుడు లేదు. అట్ట మీద లోపలి పట్టీని కోడిగుడ్డు ఆకారంలో పొడిపించండి, వాలు కాస్త ఉంటే ఇంకా మంచిది. పాలపుంత తలానికి మన గ్రహాల తలం దాదాపు 60 డిగ్రీల వాలులో ఉంది.

2025లో నెస్వోర్నీ బృందం చేసిన లెక్కలో లోపలి భాగంలో దాదాపు 15,000 ఏయూ పొడవైన రెండు చేతుల సర్పిలం కనిపించింది. న్యూయార్క్ హేడెన్ ప్లానెటేరియం ప్రదర్శన తయారుచేస్తున్నప్పుడు తెర మీద మొదట కంటబడింది. అది కంప్యూటర్ లెక్క, దాన్ని అట్ట మీద పొడవకండి. పక్కన చిన్న కాగితం మీద రాసి పెడితే చాలు.

సాగర్_లెన్స్:

ఒక్క మాట. జడ్జి పెద్దమనిషి లెక్కలు విని విసుగుపడితే ఇది చెప్పించండి: 2,000 ఏయూ కాడ నిలబడి చూస్తే సూర్యుడు పున్నమి చంద్రుడి వెలుతురుల పదో వంతు ఇస్తడు, కానీ చుక్క లెక్కనే. 20,000 కాడ శుక్రుడి కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఇంకా కావాలంటే మంగళ్‌యాన్ సంగతి ఉంది. 2014 సెప్టెంబర్ 24న అది కుజుడి కక్ష్యల పడ్డది. నెల తిరగకముందే, అక్టోబర్ 19న, ఊర్ట్ మేఘం నుంచి వచ్చిన సైడింగ్ స్ప్రింగ్ తోకచుక్క కుజుడికి సుమారు 1,40,000 కిలోమీటర్ల దూరం నుంచి పోయింది. దుమ్ము తగలకుండ ఉండటానికి ఆ సమయంల ఉపగ్రహం కుజుడి చాటున ఉండేటట్టు ఇస్రో ముందే కక్ష్య సరిచేసింది.

మిర్యాల_వర్క్‌షాప్:

నల్ల అట్ట వెనక బల్బు పెట్టకండి, గంటసేపటికి అట్ట వంకర తిరుగుతది. ఎల్ఈడీ స్ట్రిప్, 12 వోల్టుల అడాప్టర్. స్ట్రిప్‌కు అట్టకు నడుమ నాలుగు వేళ్లు జాగా వదిలి ఒక ట్రేసింగ్ పేపర్ వేలాడదీయండి, లేకపోతే చుక్కల బదులు బల్బుల వరస కనపడుతది. సూదులు రెండు సైజులు తీసుకోండి, లోపలి పట్టీకి సన్నది.